ఆరుబయట వేడుక, వాన వస్తే ఎలా?

ఈ ఆదివారం సాయంత్రం ఇరుగుపొరుగు వాళ్లమంతా మా ఇంటి ముందు ఖాళీ స్థలంలో కలుద్దామనుకున్నాం. నాలుగు రోజులుగా సరిగ్గా ఆ వేళకే వాన. అదే టెన్షన్. పోయినసారి కట్టిన టార్పాలిన్ మధ్యలో నీళ్లు నిలిచి, తాళ్లు తెగి, ఒక్కసారిగా కిందకి వచ్చేసింది. లీటరు నీళ్లంటే కిలో బరువు కదా, నాలుగు బకెట్లు నిలిచినా ఆగదు. ఈసారి ఒకవైపు ఎత్తుగా కడతాం. ఎంత వాలు ఇస్తే నీళ్లు జారిపోతాయి? గాలికి లేవకుండా ఏం చేస్తారు?

లైట్ల వైర్లంటే ఇంకా భయం. పిల్లలు తడి నేల మీదే పరుగెడతారు. బ్యాటరీ లైట్ల వెలుతురు సరిపోతుందా?

ఎప్పుడూ గడప దాటని పక్కింటి పెద్దావిడ కూడా వస్తానన్నారు. వాయిదా వేయబుద్ధి కావడం లేదు. ఇలా చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.