అప్‌డేట్: కాస్పేజులు ఉన్నా కణం ఎందుకు చావదు?

నేను నెల్లూరులో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. కణం తనను తాను చంపుకునేటప్పుడు ప్రొటీన్లను కోసే ఎంజైములు కాస్పేజులు. అవి కణంలో ముందే ఉంటే అది ఎప్పుడో చచ్చిపోవాలి కదా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్, విషయం తేలింది.

అవి తయారయ్యేదే ప్రోకాస్పేజులుగా, పనిచేయని రూపంలో. కణం లోపల గట్టి దెబ్బ తగిలితే మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ బయటికొస్తుంది. అపాఫ్-1 అనే ఇంకో ప్రొటీన్‌తో కలిసి కాస్పేజ్-9ను లేపుతుంది. అది కాస్పేజ్-3ని కోసి పనిలోకి దింపుతుంది. చావు కబురు బయటి నుంచి వస్తే కాస్పేజ్-8 చూసుకుంటుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం కోత తీరు. ప్రొటీన్‌ను ఎక్కడపడితే అక్కడ కోయవు, అందులోని ఆస్పార్టిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం తర్వాతే. కాస్పేజ్-3 డీఎన్‌ఏ జోలికే పోదు. డీఎన్‌ఏను కోసే క్యాడ్ అనే ఎంజైమును ఐక్యాడ్ అనే ప్రొటీన్ కట్టిపడేసి ఉంచుతుంది, ఆ ఐక్యాడ్‌ను కాస్పేజ్-3 తెంపుతుంది. విడిపడిన క్యాడ్ న్యూక్లియోసోముల (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్ ఉండల) మధ్య డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద సుమారు 180-200 బేస్ జతల తేడాతో నిచ్చెన కనబడేది అందుకే. మా ల్యాబ్ జెల్‌లో కింది మెట్లు తేటగా, పైవి అలికేసినట్టు వచ్చాయి. మేడమ్ వైవాలో పట్టుకున్నదీ అక్కడే!

సీ. ఎలిగాన్స్ పురుగు ఎదిగేటప్పుడు 131 కణాలు చావాలి. దానిలో కాస్పేజును తయారుచేసే సెడ్-3 జన్యువు పాడైతే అవి దాదాపు అన్నీ బతికిపోతాయి, పురుగుకూ ఏమీ కాదు. ఆ పరిశోధనకు 2002లో నోబెల్ వచ్చింది. వైవా ఉన్నవాళ్లు ఇదీ చూసుకుని వెళ్లండి.