కిలోన్నర చికెన్ ఎన్ని పూటలు రావాలి?

అందరికీ నమస్కారం. ఇక్కడికొచ్చి ఐదు వారాలైంది, చదువుకుంటున్నాను. గదిలో ముగ్గురం, వంట వంతులవారీగా చేసుకుంటాం. నా వంతు రాగానే కిలోన్నర చికెన్ ఎముకతో తెచ్చి వండుతున్నాను. రెండు పూటలకే గిన్నె ఖాళీ. నెల సగం కూడా కాకుండానే తిండి డబ్బులు అయిపోతున్నాయి. అసలు మనిషికి పూటకి ఎంత వేసుకోవాలి? మాంసం మానేయమని మాత్రం చెప్పకండి, ప్లీజ్.

*

తమ్ముడూ, మానేయమనను, నేనూ మానలేదు. ముందు నీ లెక్కే చూద్దాం. కిలోన్నర, ముగ్గురు, రెండు పూటలు. అంటే తలకి పూటకి పావుకిలో పడుతోంది. ఎముక తీసేసినా అది ఎక్కువే. ఎముక లేని పచ్చి మాంసమైతే మనిషికి 100 గ్రాములు, మరీ ఆకలి మీదున్న రోజు 120. ఎముకతో అయితే 150, 160. ఉడికాక నీరూ కొవ్వూ పోయి సుమారు నాలుగో వంతు తగ్గుతుంది కాబట్టి 100 గ్రాములు కాస్తా 75 అవుతుంది. వేళ్లు వదిలేసి నీ అరచెయ్యి చూసుకో, అంత వెడల్పు, అంత మందం. తక్కువనిపిస్తుంది, నాకూ అనిపించింది.

బలం చాలదేమోనని భయపడతారు కొత్తగా వచ్చినవాళ్లు. పెద్దవాళ్లకి ఒంటి బరువు కిలోకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. 100 గ్రాముల పచ్చి చికెన్‌లో 20 దాకా వస్తాయి, గుడ్డులో 6, ఉడికిన పప్పు 200 గ్రాములు తింటే ఇంకో 18. మిగిలింది అన్నంలోనో రొట్టెలోనో వచ్చేస్తుంది. కసరత్తులు గట్టిగా చేసేవాడివైతే ఇంకొంచెం కావాలి, అప్పుడు ఇంకో రెండు గుడ్లు తిను, ఇంకో పావుకిలో చికెన్ కాదు.

ఇప్పుడు అసలు సంగతి. గిన్నెలో పడ్డాక పంచుకోవడం ఎవరి వల్లా కాదు. ముందు తిన్నవాడికి ముక్కలు, ఆఖరున వచ్చినవాడికి పులుసు. అందుకే పంపకం గిన్నె దగ్గర కాదు, తెచ్చిన రోజే సంచుల్లో జరిగిపోవాలి. ఇంటికి రాగానే నీ కిలోన్నరని మూడు అరకిలోలు చెయ్యి. చిన్న తూకం మిషన్ ఒకటి కొనుక్కో, నెలలోపే దాని ఖరీదు తిరిగొచ్చేస్తుంది. ఒక్కో సంచిలో గాలి పోయేలా నొక్కి, చేత్తో పలచగా పుస్తకంలా పరిచి, తారీఖు రాసి ఫ్రీజర్లో పెట్టు. పలచగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది.

ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. వచ్చిన కొత్తలో చవగ్గా దొరికిందని రెండు కిలోల ప్యాకెట్ తెచ్చి అలాగే ఫ్రీజర్లో పడేశాను. వారం తర్వాత తీస్తే ఇటుకరాయి. నాలుగు ముక్కలు విడదీద్దామని కత్తి గుచ్చితే మొన విరిగింది గానీ ముక్క కదల్లేదు. చివరికి మొత్తం కరగనిచ్చి, ఉన్నది ఒక్కదాన్నే అయినా రెండు కిలోలూ వండేశాను. నాలుగో రోజుకి ఆ మూత తీస్తేనే విసుగు. సగం చెత్తబుట్టలోకి. (వండిన కూరని కూడా ఫ్రీజర్లో పెట్టొచ్చని అప్పటికి తట్టలేదు!)

ఇక అరకిలోని ముగ్గురికి నిండుగా కనిపించేలా చెయ్యడం. ముక్కలు చిన్నవిగా కొట్టించు, లేదా నువ్వే కొయ్యి. నాలుగు పెద్ద ముక్కల కన్నా పది చిన్న ముక్కలు కంటికీ నోటికీ ఎక్కువ. బంగాళాదుంప, శనగలు, పుట్టగొడుగులు ఏవైనా వెయ్యి, కానీ మాంసం బాగా వేగి గిన్నె అడుగున ఎర్రగా పట్టాకే వెయ్యి. ఆ అడుగున పట్టిందే రుచంతా. కాసిన్ని నీళ్లు పోసి దాన్ని గీకితే కూరంతా మాంసం వాసనే. కైమా అయితే ఇంకా సులువు. సగం కైమా, సగం తొక్కతో ఉన్న మసూర్ పప్పు. పప్పుని విడిగా కాస్త పలుకుండగానే దించు. కైమాని అందులోని నీరంతా ఇగిరి చిటపటలాడేదాకా వేయించి అప్పుడు కలుపు. తొందరపడి ముందే కలిపావో, రెండూ కలిసి ముద్ద. మొదటిసారి పప్పు మూడో వంతే వెయ్యి, నీ గదిలోవాళ్లకి చెప్పకు. గుర్తుపడితే అప్పుడు చూద్దాం.

*

అక్క చెప్పినవన్నీ నిజమే గానీ, ఎముకతో కొంటేనే చవక అనుకోకు తమ్ముడూ. తూకంలో మూడో వంతు ఎముక, తోలు పోయాయనుకో. అప్పుడు ఎముక లేనిది కిలో ధర ఒకటిన్నర రెట్లు దాటకపోతే అదే లాభం. దాటితే ఎముకతో కొను. చూడాల్సింది ప్యాకెట్ ధర కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే కిలో ధర. గడ్డకట్టించి అమ్మే చికెన్‌లో కొన్నిటికి ఉప్పునీళ్లు ఎక్కిస్తారు, వెనకాల పదార్థాల్లో నీళ్లు అని ఉంటే ఆ బరువుకీ డబ్బు ఇస్తున్నట్టే. చికెన్ కాక వేరే మాంసం కొంటే, కాలి కండ లాంటి గట్టి ముక్కలు చవగ్గా దొరుకుతాయి, భయపడకు. సన్న మంట మీద రెండు మూడు గంటలు ఉంచితే ఆ గట్టి నారంతా కరిగి పులుసు చిక్కబడుతుంది. కుక్కరుంటే ఇంకా త్వరగా.

ఎముకలు పారెయ్యకు. వండక ముందు తీసినవి ఒక సంచిలో పోగెయ్యి. సంచి నిండాక నీళ్లు పోసి రెండు గంటలు మరిగిస్తే, ఆ నీళ్లతో పప్పు వండినా మాంసం పడిన రోజులాగే ఉంటుంది.

*

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. నిన్న తెచ్చి మూడు సంచులు చేశాను. రేపటి సంచి ఇప్పుడే తీసి వంటగట్టు మీద పెట్టనా, పొద్దుటికి కరుగుతుంది కదా? కరిగాక శుభ్రంగా కడగాలి కూడా కదా?

*

వద్దు, వద్దు! రాత్రంతా బయట పెట్టకు. పైన కరిగి వెచ్చబడేసరికి లోపల ఇంకా గడ్డే ఉంటుంది, ఆ పైభాగంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఫ్రిజ్‌లోకి మార్చు, అట్టడుగు అరలో, కింద ఒక పళ్లెం పెట్టి. నీరు కారి మిగతావాటి మీద పడకుండా. పలచగా పరిచావు కాబట్టి పొద్దుటికి వచ్చేస్తుంది. కరిగిన చికెన్ ఒకటి రెండు రోజుల్లో వండెయ్యాలి. వండింది రెండు గంటలు దాటకముందే ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది.

కడగడం అమ్మ నేర్పిందని నేనూ చాలాకాలం కడిగాను. కుళాయి కింద కడిగితే ఆ తుంపరలు సింకు చుట్టూ, పక్కనున్న కంచాల మీదా పడతాయి. సూక్ష్మజీవుల్ని చంపేది నీళ్లు కాదు, మంట. రక్తం నచ్చకపోతే కాగితంతో అద్దు, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కో. మీ గదిలోవాళ్లు మసూర్ పప్పు కనిపెట్టారో లేదో మాత్రం రాయి.