మంచాన పడ్డ అమ్మమ్మకి రోబో పనికొస్తుందా?

ప్రశ్న:
అమ్మమ్మకి క్యాన్సర్ చివరి స్టేజి. ఇక మందులతో లాభం లేదు, నొప్పి లేకుండా ఇంట్లోనే చూసుకోండి అన్నారు. గుంటూరులో మా అమ్మ ఒక్కతే రాత్రీపగలూ చేస్తోంది. అమెరికాలో ఉన్న మావయ్యేమో పారో అని ఒక జపాన్ రోబో పంపిస్తానంటున్నాడు, తెల్ల సీల్ పిల్లలా ఉండి నిమిరితే కళ్లు ఆర్పుతుందట, వేల డాలర్లట! దాంతోపాటు చక్రాల మీద తిరిగే వీడియో రోబో కూడా. వద్దంటే నొచ్చుకుంటాడు. ఎవరైనా వాడారా?

వేపచెట్టు:
నేను పాలియేటివ్ నర్సుని, అంటే తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గేలా చూసుకునే నర్సుని. పారో ఉత్త బొమ్మేం కాదు, 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని వైద్య పరికరంగా ఒప్పుకుంది. కానీ ఎక్కువగా వాడేది డిమెన్షియా (మతి తగ్గిపోయే జబ్బు) ఉన్నవాళ్లకి, ఆందోళన తగ్గడానికి. అమ్మమ్మగారికి మతి బాగానే ఉంటే అంత ఖర్చు దండగ. పైగా రెండున్నర కిలోల పైనే బరువు, నొప్పితో ఉన్న మనిషి ఒళ్లో ఎలా పెడతారు? ముందు ఒంటికి పుండ్లు పడకుండా గాలి పరుపు, అదే ఎయిర్ బెడ్ వేయించండి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి. నొప్పి మందు మార్ఫిన్‌ని నొప్పి వచ్చాక కాదు, టైముకి ఇవ్వాలి. దాంతో మలబద్ధకం ఖాయం కాబట్టి విరేచనం మందు కూడా రాయించుకోండి, చాలామంది ఇది అడగరు.

బే ఏరియా బాబాయ్:
వీడియో రోబోతో కబుర్లయితే సరే. 2019 మార్చిలో ఇక్కడ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఐసీయూలోకి అలాంటిదే ఒకటి దొర్లుకుంటూ వచ్చింది, తెర మీద డాక్టరు 78 ఏళ్ల పెద్దాయనకి ఇక చేసేదేమీ లేదని చెప్పేశాడు. ఆయనకి సరిగ్గా వినపడక, పక్కనున్న మనవరాలు ఆ మాట మళ్లీ తన నోటితో చెప్పాల్సొచ్చింది. చాలా గొడవైంది. కబుర్లకి స్టాండు మీద ట్యాబ్ చాలు, మావయ్య రోజూ ఒకే టైముకి ఫోన్ చేస్తే ఇంకా మంచిది.

కొత్తపేట కుర్రాడు:
అందరూ రోబోని ఆడిపోసుకుంటున్నారు గానీ, మా తాతయ్య డైపర్ మార్చేటప్పుడు నా ముందు సిగ్గుతో కళ్లు మూసుకునేవారు. అలాంటి పనికి యంత్రం ఉంటే ఎంత బాగుండేది! మనిషిని మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టే రోబేర్‌ని జపాన్‌లో రికెన్ పరిశోధన సంస్థ వాళ్లు 2015లో చూపించారు, అది ప్రయోగం దగ్గరే ఆగిపోయింది. ఒళ్లో కూర్చునేవి అమ్ముతారు, ఎత్తేవి మాత్రం మనకి దొరకవు.

ప్రశ్న వేసినవారు:
థాంక్సండీ. ఆ డబ్బుతో రాత్రికి ఒక ఆయాని పెట్టమని మావయ్యని అడుగుతా, అమ్మ కాస్త నిద్రపోతుంది. ఎయిర్ బెడ్ అద్దెకి దొరుకుతుందా?

వేపచెట్టు:
సర్జికల్ షాపుల్లో అడగండి. తీసుకునే ముందు పంపు ఆన్ చేసి సౌండు వినండి, కొన్ని రాత్రంతా గుర్రుమంటూనే ఉంటాయి.