44 ఏళ్ళకే కొలెస్ట్రాల్ టాబ్లెట్ రాశారు, వేసుకోవాలా వద్దా?

మియాపూర్_మూర్తి:
అందరికీ నమస్కారం. ఆఫీసు వాళ్ళు ఏటా చేయించే చెకప్‌లో ఈసారి ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 148, హెచ్‌డీఎల్ (మంచిది) 36, ట్రైగ్లిజరైడ్స్ 210 వచ్చాయి, మూడు నెలల షుగర్ సగటు 5.9. బీపీ లేదు, సిగరెట్ లేదు, బొజ్జ మాత్రం ఉంది. డాక్టర్ గారు రిపోర్ట్ తిరగేసి రోసువాస్టాటిన్ 10 (స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందుల్లో ఒకటి) రాసిచ్చారు, ఎన్నాళ్ళు వాడాలి సర్ అంటే నవ్వి ఊరుకున్నారు. మా బావగారేమో అది ఒకసారి మొదలెడితే జన్మంతా వదలదు, లివర్ పోద్ది, షుగర్ వస్తుంది అంటున్నాడు. యూట్యూబ్ చూస్తే సగం మంది ప్రాణం నిలబెట్టే మందు అంటారు, సగం మంది ఫార్మా దోపిడీ అంటారు. ఎవరి మాట వినాలో తెలియక స్ట్రిప్ కొని టీవీ పక్కన పెట్టి కూర్చున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

అనుమానపక్షి:
మూర్తి గారూ, టీవీ పక్కనే ఉంచండి. నేను యూట్యూబ్ బ్యాచ్ కాదు, పేపర్లు చదివే చెప్తున్నా. 2022లో అమెరికా డాక్టర్ల సంఘం జర్నల్లో 21 ట్రయల్స్ (మనుషుల మీద చేసే మందు పరీక్షలు) కలిపి లెక్క వేశారు, స్టాటిన్ వాడినందుకు చావులు తగ్గింది నూటికి 0.8, గుండెపోట్లు 1.3, పక్షవాతం 0.4. అంతే. ఇదే లెక్కని కంపెనీ వాళ్ళు "గుండెపోటు 29 శాతం తగ్గింది" అని చెప్తారు. రెండూ అబద్ధం కాదు, మొదటిది మొత్తం నూరు మందిలో లెక్క, రెండోది గుండెపోటు వచ్చేవాళ్ళలో లెక్క, కానీ జనానికి వినిపించేది ఎప్పుడూ పెద్ద నంబరే. 2015లో ఇంకో పేపర్, ట్రయల్ నడిచిన ఆ కొన్నేళ్ళలో స్టాటిన్ వల్ల చావు సగటున ఎన్ని రోజులు వెనక్కి జరిగిందో చూస్తే గుండెజబ్బు లేనివాళ్ళకి 3.2 రోజులు, ఉన్నవాళ్ళకి 4.1 రోజులు. దీనికోసం రోజూ టాబ్లెట్టా?

కాకినాడ_స్టెత్:
నేను కార్డియాలజీలో పని చేస్తా కాబట్టి నన్ను ఫార్మా ఏజెంట్ అని ఎలాగూ అంటారు, ఆ సరదా ముందే తీర్చుకోండి. ఆ మూడు రోజుల లెక్క గురించి ఒక్క మాట. ట్రయల్ రెండు నుంచి ఆరేళ్ళు నడుస్తుంది, ఆ లోపల చేరినవాళ్ళలో ఎక్కువ మంది మందు వేసుకున్నా వేసుకోకపోయినా బతికే ఉంటారు, వాళ్ళందరినీ కలిపి సగటు తీస్తే రోజుల్లోనే వస్తుంది మరి. అసలు బతికిపోయినవాడికి దక్కింది నాలుగు రోజులు కాదు, ఏళ్ళు. ఆ వాడు ఎవడో ముందు తెలియదు, అదీ చిక్కు.

ఇంకోటి, ఎవరికి ఇస్తున్నాం అన్నది వదిలేసి స్టాటిన్ మంచిదా చెడ్డదా అని కొట్టుకుంటే ఇది తెల్లారేదాకా తేలదు. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది మీద సింవాస్టాటిన్ ట్రయల్ చేశారు, అందరూ అప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్ళు. ఐదేళ్ళ చిల్లర కాలంలో డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్ళలో 256 మంది పోయారు, మందు వేసుకున్నవాళ్ళలో 182. నూటికి దాదాపు నలుగురు తేడా. ఇలాంటి వాళ్ళకి వద్దు అనడం ప్రాణాలతో ఆడుకోవడమే. మూర్తి గారిలాంటి, ఇంకా ఏమీ కాని మనిషి దగ్గరే అసలు చర్చ.

అనుమానపక్షి:
స్టెంట్ పడినవాళ్ళ సంగతి నేను ఎత్తలేదు సర్, వాళ్ళు వేసుకోవాల్సిందే. నా గొడవ బాగున్న మనుషుల్ని పేషెంట్లని చేయడం మీద. 2008లో జూపిటర్ ట్రయల్, 17,802 మంది, కొలెస్ట్రాల్ ఎక్కువ లేనివాళ్ళకి కూడా రోసువా 20 ఇచ్చి గుండెపోటు, పక్షవాతం లాంటివి 44 శాతం తగ్గాయి అని డప్పు కొట్టారు. ఏడాదికి నూటికి 1.36 నుంచి 0.77కి. అది కూడా రెండేళ్ళు నిండకుండానే ఆపేశారు. డబ్బు పెట్టింది ఆ మందు అమ్మే కంపెనీయే, ట్రయల్ పెద్దాయన పేరు మీద అందులో వాడిన రక్తపరీక్షకి అప్పట్లో పేటెంట్ ఉండేది. ఇక పెద్ద ట్రయల్స్ అసలు డేటా ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ గ్రూపు చేతిలో ఉంది, ఒక్కో మనిషి వివరం బయటి పరిశోధకులకి ఇవ్వరు. నమ్మండి నమ్మండి అంటే ఎలా?

ఓరుగల్లు_శీనన్న:
పేపర్లు నాకు తెల్వయ్ గానీ నా కథ చెప్త. నాకు స్టెంట్ ఏసిన్రు, అప్పటి సంది అటోర్వా 40 గోళీ నడుస్తుంది. మొదట్ల పిక్కలు గుంజుడు, మెట్లెక్కితే తొడలు పట్టేసుడు. బంద్ చేద్దామని డాక్టర్ సాబ్ కి చెప్తే థైరాయిడ్ చెక్ చేయించిండు, టీఎస్‌హెచ్ మస్తు ఎక్కువున్నది, అంటే థైరాయిడ్ తక్కువ పనిచేస్తున్నదన్నట్టు. దానికి గోళీ ఇచ్చి స్టాటిన్ మార్చి ఇచ్చిండు, గిప్పుడు మంచిగున్న. మూర్తన్నా, నొప్పులొస్తయని భయపడి ఏసుకోకుండ ఉండకు, వచ్చినప్పుడు చూస్కోవచ్చు. మీ డాక్టర్ థైరాయిడ్ చూసిండా మరి?

కాకినాడ_స్టెత్:
శీనన్న మంచి మాట అడిగాడు. థైరాయిడ్ తక్కువ పనిచేస్తే ఎల్‌డీఎల్ దానంతట అదే పెరుగుతుంది, పైగా స్టాటిన్ వేస్తే కండరాల నొప్పులు వచ్చే అవకాశం కూడా ఎక్కువ. టాబ్లెట్ రాసే ముందు చూడాల్సిన మొదటి టెస్టుల్లో అదొకటి.

నొప్పుల మీద 2020లో ఇంగ్లండ్‌లో ఒక ముచ్చటైన ట్రయల్ చేశారు. నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకుని కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు డమ్మీ మాత్ర, కొన్ని నెలలు అసలేమీ లేకుండా ఉంచి రోజూ ఫోన్లో బాధకి మార్కులు వేయమన్నారు. ఏమీ లేని నెలల్లో సగటు 8, డమ్మీ నెలల్లో 15.4, స్టాటిన్ నెలల్లో 16.3. అంటే బాధలో తొంభై పాళ్ళు మాత్ర మింగుతున్నాను అన్న భయానిదే.

అనుమానపక్షి:
అంటే నొప్పులన్నీ మా భ్రమ. భలే. మరి 2001లో సెరివాస్టాటిన్ ని మార్కెట్ నుంచి ఎందుకు లాగేశారు, కండరాలు కరిగి కిడ్నీలు పోయి జనం చచ్చిపోతేనే కదా?

కాకినాడ_స్టెత్:
భ్రమ అనలేదు, నొప్పి నిజమే, కారణం మాత్రం చాలాసార్లు వేరే. సెరివా సంగతి నిజం. అందులో చాలా కేసులు జెమ్‌ఫైబ్రోజిల్ అనే ట్రైగ్లిజరైడ్ మందుతో కలిపి వాడినవాళ్ళవి, లేదా పెద్ద డోసువి. అందుకే ఇప్పటికీ ఆ రెండూ కలపొద్దంటాం. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే, ఒళ్ళంతా పట్టేస్తే ఆపేసి పరుగెత్తండి, అది అరుదు గానీ నిజం.

ప్రకృతిమాత_బిడ్డ:
ఈ కెమికల్స్ అన్నీ ఎందుకండీ, ఆ మధ్య కొబ్బరినూనె నిమ్మకాయల డైట్ చేసి మా చుట్టాల్లో ఎంతోమంది షుగర్ టాబ్లెట్లు పక్కన పడేశారు. ఎర్ర ఈస్ట్ పట్టించిన బియ్యం అని ఒకటి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, నేచురల్‌గా కొలెస్ట్రాల్ దించుతుంది, సైడ్ ఎఫెక్ట్ లేదు.

తెనాలి_మందులషాపు:
అమ్మా, ఆ ఎర్ర బియ్యంలో పనిచేసేది లోవాస్టాటినే, డోసు ఎంతుందో ఎవడికీ తెలియని లోవాస్టాటిన్. అసలు స్టాటిన్ పుట్టిందే బూజులోంచి. 1973లో అకిరా ఎండో అనే జపాన్ ఆయన ఆరువేల పైచిలుకు బూజులూ అవీ వడగట్టి పెనిసిలియం జాతి బూజులో మొదటిది పట్టుకున్నాడు. నేచురల్ కావాలంటే ఇదీ నేచురలే. కొబ్బరినూనె డైట్లో బరువు తగ్గింది, షుగర్ తగ్గింది, కాదనను, కానీ ఎల్‌డీఎల్ ఆకాశానికి పోయిన రిపోర్టులు పట్టుకుని మా కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

షాపులో నేను చూసేది వేరే గోల. స్టెంట్ పడినవాళ్ళు రిపోర్ట్ నార్మల్ వచ్చింది కదా అని మానేస్తారు, మందు వల్లే నార్మల్ వచ్చింది బాబూ అంటే వినరు. ఏమీ లేని కుర్రాళ్ళేమో చీటీ లేకుండా వచ్చి అటోర్వా ఇవ్వు అంటారు.

డల్లాస్_వదిన:
మూర్తి గారూ, ఇక్కడ పదేళ్ళలో గుండెజబ్బు వచ్చే రిస్క్ ఎంతో లెక్క వేసి దాన్ని బట్టి మందు ఇస్తారు, కానీ ఆ లెక్కల్లో మనవాళ్ళ రిస్క్ తక్కువ చూపిస్తుందని ఇక్కడి డాక్టర్లే అంటారు. మనకి గుండెపోటు ముందొస్తుంది, 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ స్టడీలో మొదటి గుండెపోటు వయసు దక్షిణాసియా వాళ్ళకి 53, మిగతావాళ్ళకి 59. లైపోప్రోటీన్ ఏ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొవ్వు కణం) అని ఒక టెస్ట్ ఉంది, జన్మకి ఒకసారి చేయిస్తే చాలు, అది చేయించండి. డౌట్ ఉంటే గుండె రక్తనాళాల్లో కాల్షియం చూసే సీటీ స్కాన్. ఇంతకీ మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా? ఇన్ని కామెంట్లలో ఎవరూ అడగలేదు!

అనుమానపక్షి:
ఈ ట్రయల్స్ అన్నీ తెల్లవాళ్ళ మీదే కదా అందామనుకుంటున్నా.

కాకినాడ_స్టెత్:
ట్రయల్స్ ఎక్కువ అక్కడివే, జబ్బు మాత్రం మన దగ్గర తక్కువేం కాదు. 2003, 2004ల్లో మా గోదావరి జిల్లాల్లోనే 45 పల్లెల్లో ఒక్కో చావుకీ కారణం రాశారు, గుండె, రక్తనాళాల జబ్బులే 32 శాతం. పొలం పనులు చేసుకునే ఊళ్ళవి, మియాపూర్ కాదు.

ఎల్‌డీఎల్ అసలు దోషే కాదనేవాళ్ళకి: పుట్టుకతోనే ఒక జీన్ మార్పు వల్ల ఎల్‌డీఎల్ తక్కువగా ఉన్న నల్లజాతి అమెరికన్లని 15 ఏళ్ళు గమనించి 2006లో రాశారు. ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు 88 శాతం తక్కువ. వాళ్ళు ఏ కంపెనీ మాత్రా మింగలేదు.

మియాపూర్_మూర్తి:
డల్లాస్ వదిన గారూ, మా నాన్నగారికి 51 ఏళ్ళ వయసులో స్టెంట్ వేశారు. ఇప్పుడు బానే ఉన్నారు.

అనుమానపక్షి:
ఓరి దేవుడా, ఆ ముక్క మొదటి పోస్టులో రాయాలి కదండీ! నేను ఇందాకటి నుంచి ఏ రిస్కూ లేని మనిషి తరఫున వాదిస్తున్నా.

కాకినాడ_స్టెత్:
తండ్రికి 55 లోపు వచ్చిందంటే మన గైడ్‌లైన్స్ దాన్ని పెద్ద రిస్కుగానే లెక్కపెడతాయి. హెచ్‌డీఎల్ 36, షుగర్ అంచు మీద. మీ డాక్టర్ గారు రాసిన దాంట్లో అర్థం ఉంది, విడమరిచి చెప్పలేదు అంతే.

అనుమానపక్షి:
సరే, కానీ షుగర్ 5.9 ఉన్న మనిషికి స్టాటిన్ ఇస్తే షుగర్ రాదా? జూపిటర్లోనే వచ్చింది, మందు వేసుకున్నవాళ్ళలో నూటికి 3.0, డమ్మీ వాళ్ళలో 2.4.

కాకినాడ_స్టెత్:
వస్తుంది, కొద్దిగా. 2010 లెక్కలో 255 మంది నాలుగేళ్ళు వాడితే ఒకరికి అదనంగా. అదీ అంచు మీద ఉన్నవాళ్ళకే ఎక్కువ. జూపిటర్లో అలాంటి వాళ్ళని విడిగా చూస్తే, కొత్తగా షుగర్ వచ్చింది 54 మందికి అయితే గుండె జబ్బులూ చావులూ తప్పింది 134 మందికి. రిస్క్ ఉన్న మనిషికి బేరం లాభమే. ఏ రిస్కూ లేని వాడికి ఆ బేరం అంత బాగుండదు, అక్కడ మీతో నాకు పేచీ లేదు.

అనుమానపక్షి:
డోసు సంగతి? రోసువా ఆసియా వాళ్ళ రక్తంలో రెండింతలు చేరుతుందని అమెరికా వాళ్ళ లేబుల్ మీదే ఉంది, 5తో మొదలెట్టమని. మన దగ్గర 10కి తగ్గితే చిన్నతనం అన్నట్టు రాస్తారు.

కాకినాడ_స్టెత్:
అది ఒప్పుకుంటా. అడగండి మూర్తి గారూ, డాక్టర్ ఏమీ అనుకోరు. డోసు రెండింతలు చేసినా ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతమే దిగుతుంది, చాలావరకు పని మొదటి డోసే చేస్తుంది. లివర్ టెస్ట్ ఒకసారి ముందు చేయించి పెట్టుకోండి. ఫ్యాటీ లివర్ ఉన్నా వేసుకోవచ్చు, మీ బావగారికి కూడా చెప్పండి.

తిరుపతి_చిన్ను:
మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు, మా అమ్మమ్మకి 81, ఎప్పుడూ గుండె సమస్య లేదు, ఇప్పుడు కొత్తగా మొదలెట్టమన్నారు.

కాకినాడ_స్టెత్:
75 దాటాక కొత్తగా మొదలెట్టడానికి ఆధారాలు పల్చన, ఆవిడకి ఇంకేం మందులున్నాయో చూసి తేల్చాలి. ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళు మానేయడం వేరే సంగతి, ఫ్రాన్స్‌లో 75 ఏళ్ళ వయసులో మానేసినవాళ్ళు గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరడం 33 శాతం ఎక్కువ కనిపించింది. అది ట్రయల్ కాదు, రికార్డులు చూసి వేసిన లెక్క, కాబట్టి కొంచెం చూసుకుని నమ్మండి.

మియాపూర్_మూర్తి:
అందరికీ థాంక్స్. థైరాయిడ్, లివర్, ఆ లైపోప్రోటీన్ ఏ ఇచ్చి వస్తా, ఆ రిపోర్టులతో వెళ్ళి 5 అడుగుతా. అన్నం ఒక పూటే అని ఇంట్లో అప్పుడే చట్టం చేసేశారు. ఇంకో చిన్న డౌట్, ఇది రాత్రి పడుకునే ముందే వేసుకోవాలా? నాకు రాత్రి షిఫ్ట్.

అనుమానపక్షి:
నేనైతే మూడు నెలలు నడకా తిండీ సరిచేసి మళ్ళీ టెస్ట్ చేయించాకే మొదలెడతా, మీ నాన్నగారి సంగతి తెలిసినా సరే.

కాకినాడ_స్టెత్:
నడక, టాబ్లెట్ ఒకదానికొకటి అడ్డం కాదు కదండీ.

తెనాలి_మందులషాపు:
రాత్రి అనేది సింవాస్టాటిన్ కి, అది ఒంట్లో కొన్ని గంటలే ఉంటుంది. రోసువా, అటోర్వా ఎప్పుడైనా వేసుకోవచ్చు, తిన్నా తినకపోయినా. రోజూ ఒకే టైమ్ పెట్టుకోండి, షిఫ్ట్ మారినా మర్చిపోకుండా.