మామయ్య పేరున పూజ చెప్పిస్తే ఆయనకు చేరుతుందా?

పెరంబూర్ కోడలు:
మాది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. పెళ్లయి చెన్నై వచ్చి తొమ్మిదేళ్లు. అత్తగారి వైపు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులు. మామయ్య పోయి వచ్చే నెలకి ఏడాది. ప్రతి నెలా ఆ తేదీకి అత్తయ్య కవరు మీద ఆయన పేరు రాసి, అందులో డబ్బు పెట్టి గుడి ఆఫీసులో ఇచ్చి వస్తారు. పోయిన నెల నేనూ వెళ్లాను. పూజ మొదట్లో ఫాదర్ పద్నాలుగు పేర్లు గబగబా చదివారు. మామయ్యది పదకొండోది. తమిళాయన, మన ఇంటిపేరు నోరు తిరగక సగం మింగేశారు. అత్తయ్య మాత్రం ఆ ఒక్క క్షణం కోసమే వచ్చినట్టు కళ్లు మూసుకున్నారు.

చనిపోయాక మనిషి లెక్క దేవుడి దగ్గర తేలిపోయినట్టే కదా? మరి పరలోకానికి ముందు ఆత్మలు శుద్ధి పొందుతాయనే ఈ ఉత్తరించు స్థలం ఏమిటి? ఇక్కడ మనం చేసే ప్రార్థనతో అక్కడ ఏం మారుతుంది? ఇంట్లో అడిగితే గొడవ, అందుకే ఇక్కడ అడుగుతున్నా. దయచేసి తిట్టుకోకండి.

వాక్యమే వెలుగు:
వందనాలు సిస్టర్. సిలువ మీద దొంగకు ప్రభువు ఏమన్నాడు? నేడే నాతో పరదైసులో ఉంటావన్నాడు. మధ్యలో ఇంకో స్టేషన్‌లో దిగమనలేదు. ధనవంతుడు, లాజరు కథలో కూడా ఇటువాళ్లు అటు దాటలేని అగాధం ఉంది. ఉత్తరించు స్థలం అనే మాట బైబిల్లో ఎక్కడా లేదు.

కీల్పాక్ పాతకాపు:
బ్రదర్, త్రిత్వం అనే మాట కూడా బైబిల్లో లేదు. దాన్ని మీరూ నమ్ముతారు కదా.

కోడలమ్మా, మీరు అడిగింది ఒక ప్రశ్న కాదు, రెండు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం ఒకటి, ఉత్తరించు స్థలం గురించిన బోధ ఇంకొకటి. మొదటిది చాలా పాతది. తొలినాటి సంఘ పండితుడు అగుస్తీను గారి తల్లి మోనికమ్మ 387లో ఓస్తియాలో మరణశయ్య మీద ఉంది. నన్ను ఎక్కడ పాతిపెట్టినా ఫర్వాలేదు, బలిపీఠం దగ్గర మాత్రం తలచుకోండి అని కొడుకులను అడిగింది. అప్పటికి ఈ బోధకు పేరూ లేదు, సిద్ధాంతమూ లేదు. ఆర్థడాక్స్ వాళ్లు ఈనాటికీ మృతుల కోసం ప్రార్థిస్తారు, మన ఉత్తరించు స్థలాన్ని మాత్రం ఒప్పుకోరు.

రెండోదాన్ని మన మేత్రాణుల (బిషప్పుల) మహాసభలు చెప్పాయి: లియోన్ సభ 1274లో, ఫ్లోరెన్స్ సభ 1439లో. 1563లో త్రెంతు సభ చెప్పింది ఇంకా క్లుప్తం: అలాంటి శుద్ధి ఉంది, అక్కడి ఆత్మలకు మన ప్రార్థనలు, ముఖ్యంగా దివ్యబలిపూజ, సాయపడతాయి. మంట ఎంత, ఎన్నేళ్లు అన్నవి అందులో లేవు. పైగా జనం ముందు ఇలాంటి చిక్కు ప్రశ్నలు లేవదీయొద్దనీ, దీని పేరు మీద డబ్బు చేసుకునే పనులు ఆపించమనీ మేత్రాణులకు చెప్పింది.

నన్నడిగితే అసలు తంటా మన మాటలోనే ఉంది. మనం 'స్థలం' అన్నాం, తమిళులూ ఉత్తరిక్కిర స్థలం అంటారు. వినగానే గోడలూ గేటూ ఉన్న చోటే కళ్లముందుకొస్తుంది. రెండో జాన్ పాల్ పోపుగారు 1999 ఆగస్టులో చెప్పింది, అది చోటు కాదు, ఒక స్థితి అని. మా తాతగారికి ఈ మాట చెబితే నన్ను గుడి మెట్లు ఎక్కనిచ్చేవారు కాదు.

వాక్యమే వెలుగు:
మృతుల కోసం ప్రార్థనకు మీరు చూపించే మక్కబీయుల గ్రంథం ఎత్తలేదేం? ఎత్తితే నా జవాబు రెడీగా ఉంది. యూదుల సేనాని యూదా మక్కబీయుడు చనిపోయిన తన సైనికుల పాపాల కోసం రెండువేల ద్రాక్మాల వెండి యెరూషలేముకు పంపాడు. కానీ ఆ సైనికుల బట్టల కింద దొరికినవి విగ్రహాల తాయెత్తులు. విగ్రహారాధన చావైన పాపమని మీ సంఘమే అంటుంది. అలాంటివాళ్లు మీ లెక్కలో ఉత్తరించు స్థలానికి కాదు, నరకానికే పోవాలి. మరి ఆ వాక్యం మీకెలా సాక్ష్యం?

కీల్పాక్ పాతకాపు:
మంచి దెబ్బే. ఒప్పుకుంటా, ఆ అధ్యాయంతో పూర్తి బోధ నిలబడదు. మృతుల కోసం ప్రార్థించే అలవాటు యేసుకు ముందే యూదుల్లో ఉందని మాత్రం తేలుతుంది. ఆ గ్రంథం మీ బైబిలు 66 పుస్తకాల్లో లేదు, మా 73లో ఉంది. అక్కడే ఇద్దరం ఆగిపోతాం.

మైలాపూర్ మూర్తి:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, మాది హిందూ కుటుంబం. ఏడాది పాటు నెలనెలా అదే తేదీన అంటున్నారు. మా ఇంట్లో మాసికాలు ఇలాగే పెడతాం!

కీల్పాక్ పాతకాపు:
మూర్తిగారూ, తిథి చూడం, పిండం పెట్టం. కానీ నెల లెక్క మాత్రం మీ వీధిలోంచే మా ఇంటికొచ్చిందేమో, కాదనను.

పెరంబూర్ కోడలు:
మక్కబీయుల సంగతి నాకు కొత్త, థాంక్సండీ. నాకు గుచ్చుకుంటున్నది ఆ కవరు. పద్నాలుగు కవర్లు, ఒకే పూజ. మా ప్రొటెస్టంటు ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1517లో రాసిన 95 వాదాల్లో 82వది గుర్తొస్తోంది. పోపు డబ్బు కోసం ఉత్తరించు స్థలం నుంచి అంతమందిని విడిపిస్తుంటే, ప్రేమ కోసం ఒక్కసారే అందరినీ ఎందుకు విడిపించడు అని.

పాత రిజిస్టరు:
ఒక విచారణ (పారిష్) ఆఫీసులో ఆరేళ్లు కవర్లు తీసుకున్నవాణ్ణి. ఆ డబ్బు పూజకు ధర కాదు, కానుక. 1983 కాథలిక్ సంఘ చట్టంలో 947వ నిబంధన చూడండి, వ్యాపారంలా కనిపించడానికి కూడా వీల్లేదంటుంది. 948 ప్రకారం ఎవరి పేరున కానుక తీసుకుంటే వాళ్లకు విడివిడిగా పూజ చెప్పాలి. చాలా పేర్లు కలిపి చెప్పడానికి 1991లో వాటికన్ షరతులు పెట్టింది: ఇచ్చినవాళ్లకు ముందే చెప్పి ఒప్పించాలి, వారానికి రెండు రోజులు మించకూడదు, గురువు ఒక్క కానుకే ఉంచుకోవాలి. 2025లో వివరాలు కొన్ని మారాయి గానీ, ముందే చెప్పి ఒప్పించాలన్నది మారలేదు. డబ్బు లేనివాళ్ల కోసం కానుక లేకుండానే పూజ చెప్పమని 945లోనే ఉంది. మీ అత్తయ్యగారిని ఎవరైనా అడిగారా?

పెరంబూర్ కోడలు:
అడగలేదండీ. కవరు తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, అంతే.

పెరంబూర్ కోడలు (నవంబర్ 3):
నిన్న కీల్పాక్ శ్మశానానికి వెళ్లాం. గేటు దగ్గర పూలమ్మే ఆవిడ కల్లరై తిరునాళ్ (సమాధుల పండుగ) అంటూ చామంతుల రేటు డబుల్ చెప్పింది. మామయ్యను వాళ్ల నాన్నగారి సమాధిలోనే పెట్టారు. ఒకటే వాన. కొవ్వొత్తి వెలిగించిన ప్రతిసారీ ఆరిపోతుంటే చివరికి నేను గొడుగు వంచి పట్టుకున్నాను. అత్తయ్య కళ్లద్దాలు తడిసిపోయి పుస్తకం కనబడలేదు, నన్ను చదవమన్నారు. పేరు వచ్చే చోట ఇంటిపేరుతో సహా మొత్తం చదివాను. దేవుడి దగ్గర ఆయన లెక్క తేలిపోయిందనే ఇప్పటికీ అనుకుంటున్నాను, పాతకాపు గారూ.

ఈ నెల కవరు ఇంకా ఇవ్వలేదు. ఎన్ని పేర్లతో కలుపుతారో ఆదివారం ఆఫీసులో అడుగుదామని అత్తయ్యే అన్నారు.