‘రోధకం’ దేన్ని ఆపుతుంది?

నమస్కారం. నేను నికెల్ ఫెర్రైట్ (నికెల్, ఇనుము కలిసిన ఆక్సైడ్) నానోకణాల మీద పనిచేస్తున్నాను. వాటి గురించి తెలుగులో వ్యాసం రాస్తూ ‘డైఎలక్ట్రిక్’ దగ్గర ఆగిపోయాను. ఇంటర్‌లో చదువుకున్నది ‘రోధకం’. ఇన్సులేటర్‌కేమో ‘బంధకం’. రెండూ ఆపేవే అయితే రెండు మాటలెందుకు?

— బాబూ, అసలు మాటలో ఆపడం లేదు. 1830లలో ఫారడే అడిగితే ఇంగ్లండ్ పండితుడు విలియం హ్యూయెల్ కట్టిచ్చిన పేరది. గ్రీకులో ‘డయా’ అంటే ‘గుండా’. కరెంటు పారకపోయినా విద్యుత్ క్షేత్రాన్ని తన గుండా పోనిచ్చేది అని. మనవాళ్ళు పోనివ్వనిదాన్ని పట్టుకుని పేరు పెట్టారు. పైగా రెసిస్టర్‌కి ‘నిరోధకం’ ఉండనే ఉంది. ఈ రెంటికీ తేడా చెప్పలేక నా క్లాసులో పిల్లలు పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు.

— మాస్టారూ, నా పదార్థంతో ఇంకో చిక్కు. ఫెర్రైట్ పూర్తిగా ఆపదు కూడా. రెండు రకాల ఛార్జీలున్న ఇనుము అయాన్లు (Fe²⁺, Fe³⁺) పక్కపక్కన ఉంటే ఎలక్ట్రాన్ ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతుతుంది. మాగ్నటైట్‌లో, అంటే అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఆక్సైడ్‌లో, ఆ గెంతులు మరీ ఎక్కువ. దాన్ని సుమారు 120 కెల్విన్ల కిందికి చల్లబరిస్తే వాహకత ఒక్కసారిగా వంద రెట్లు పడిపోతుంది. నా పొడిని బిళ్ళగా నొక్కి, కాల్చి, రెండు వైపులా వెండి పూత పూసి కొలిస్తే, తక్కువ ఫ్రీక్వెన్సీలో రోధక స్థిరాంకం (డైఎలక్ట్రిక్ కాన్‌స్టంట్, పదార్థం ఛార్జీని ఎంత నిల్వ పట్టనిస్తుందో చెప్పే అంకె) బాగా ఎక్కువ, ఫ్రీక్వెన్సీ పెంచేకొద్దీ తక్కువ. కారణం గ్రెయిన్ బౌండరీలు, అంటే బిళ్ళలోని చిన్న చిన్న స్ఫటికాలు (గ్రెయిన్లు) ఒకదాన్నొకటి తాకే హద్దులు. వీటికి తెలుగేమిటి? ‘రేణువు’ అందామంటే నానోరేణువుతో కలిసిపోతోంది.

— అన్నా, గ్రెయిన్‌ని ‘పలుకు’ అనండి, ఉప్పు పలుకు, పంచదార పలుకు అంటాం కదా. బౌండరీకి ‘గట్టు’. మడిలో నీళ్ళు పారతాయి, గట్టు దగ్గర ఆగి పోగుపడతాయి. పలుకులో ఛార్జీ కూడా అంతే. నీటి వాలు గబగబా మారుస్తుంటే గట్టు దాకా వెళ్ళేలోపే వెనక్కి తిరగాలి, ఇక పోగయ్యేదెక్కడ? పలుకు చిన్నదైతే గట్లు ఎక్కువ.

— గట్టు బాగుంది! మొన్న ముసురులో బిళ్ళని మూత లేకుండా బల్ల మీద వదిలేశాను. మర్నాడు విలువ ఎక్కడికో వెళ్ళింది. చెమ్మ పీల్చిందని తెలియక మీటరు పాడైందని టెన్షన్ పడ్డాను. వేడిచేస్తే దిగింది. వ్యాసంలో ‘పలుకు’, ‘గట్టు’ వాడుతున్నా. డైఎలక్ట్రిక్‌ని మాత్రం డైఎలక్ట్రిక్‌గానే ఉంచుతాను మాస్టారూ, ఏమనుకోకండి.

— అనుకోను బాబూ. ‘స్థిరాంకం’ మాట కూడా చూడు. ఫ్రీక్వెన్సీతో మారేదానికి స్థిరం ఏమిటి?