పాపకి కీబోర్డా, వయొలినా?

ప్రశ్న: మాది విజయనగరం అండి, పాప మూడో క్లాస్. వాళ్ళ క్లాస్‌లో అందరూ కీబోర్డ్, గిటారే, ఇదీ అదే అడుగుతోంది. నాకేమో వయొలిన్ నేర్పించాలనుంది, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కాలేజీ, 1919 నాటిది, ఉన్న ఊళ్ళో ఉండి కూడా వయొలిన్ నేర్పించకపోతే ఎలా అని. ఏం చెయ్యమంటారు?

రిప్లై 1: ముందు కీబోర్డే ఇవ్వండి. మీట నొక్కితే స్వరం కరెక్ట్‌గా పలుకుతుంది, పిల్లలకి ఉత్సాహం వస్తుంది. వయొలిన్‌కి గిటార్‌కున్నట్టు వేలు ఎక్కడ పెట్టాలో చూపే మెట్లుండవు, వేలు కాస్త జరిగినా అపస్వరమే, మావాడు మూడు నెలలు సరళీ వరసల దగ్గరే, అంటే మొట్టమొదటి స్వర పాఠాల దగ్గరే ఏడ్చాడు.

రిప్లై 2: కానీ కర్ణాటక సంగీతానికి మామూలు కీబోర్డ్ మీటల మీద గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడాలు, పలకవండీ. మా అమ్మాయి రెండేళ్ళు కీబోర్డ్ వాయించి వీణకి మారింది, తీగ పక్కకి లాగితే స్వరం పైకి జారడం మొదటిసారి విని అలాగే ఉండిపోయింది, వేళ్ళ మీద గీతలు పడినా వదల్లేదు. బొబ్బిలి మీకు దగ్గరే కదా, పనస దుంగని తొలిచి వీణ చెయ్యడం ఓసారి చూపించండి పాపకి.

రిప్లై 3: వయొలినే అనుకుంటే పెద్దది కొనకండి, చెయ్యి పొడవు చూసి హాఫ్ సైజో ఇంకా చిన్నదో తీసుకోండి.